నాలుగు నవలలు, ఐదు సినిమాలు, తెగని తగువు

యండమూరి ‘అభిలాష’ చదివి, 1983లో అదే పేరుతో వచ్చిన సినిమాకు వెళ్లొచ్చిన తెలుగు పాఠకులకు నవల మేలా, సినిమా మేలా అన్న వాదన కొత్త కాదు. అలాంటి వాదనలు మామూలుగా కొన్నాళ్లు నడిచి చల్లబడతాయి. అమెరికన్ రచయిత థామస్ హారిస్ సృష్టించిన హానిబల్ లెక్టర్ విషయంలో మాత్రం అది నాలుగు దశాబ్దాలుగా రగులుతూనే ఉంది. మనుషుల్ని చంపి, వండుకుని తినే ఈ సైకియాట్రిస్టు నాలుగు నవలల్లో, ఐదు సినిమాల్లో, ఒక టీవీ సీరియల్‌లో కనిపించాడు. నలుగురు ప్రధాన నటులు ఆ పాత్ర వేశారు. ప్రతిసారీ అభిమానులు రెండుగా చీలారు, ఆ చీలికలు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయాయి.

ఈరోజు ఈ చర్చలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లకు తల తిరుగుతుంది. ఒకరు కథ మార్చారని కోప్పడతారు. ఇంకొకరు కథ మార్చడమే సినిమాను కాపాడిందంటారు. ఒకరికి నటుడు ముఖ్యం, ఇంకొకరికి నీతి ముఖ్యం. ఎవరి తూకంరాళ్లు వాళ్లవి కాబట్టి లెక్క ఎప్పటికీ కుదరదు. ఈ పక్షాలను విడదీసి, ఎక్కడ ఎవరి మాటకు బలముందో చూడటం ఈ వ్యాసం పని. ఒక మాట ముందే చెప్పాలి. హంతకుణ్ణి కథానాయకుడిగా చేసిన పాపం సినిమాలదేనని చాలామంది గట్టిగా నమ్ముతారు. నవలలను వరుసగా చదివితే ఆ నమ్మకం నిలబడదు.

వరుస ఇదీ

పత్రికా విలేకరిగా పనిచేసిన హారిస్ 1975లో ‘బ్లాక్ సండే’తో నవలాకారుడయ్యారు. 1981లో ‘రెడ్ డ్రాగన్’ వచ్చింది. అందులో లెక్టర్ చిన్న పాత్ర. అప్పటికే పట్టుబడి, ఆస్పత్రి సెల్లులో ఉంటాడు. కథంతా అతణ్ణి పట్టుకున్న విల్ గ్రాహం గురించి, పున్నమి రాత్రుల్లో కుటుంబాలకు కుటుంబాలనే చంపే ఫ్రాన్సిస్ డాలర్‌హైడ్ గురించి. 1986లో మైఖేల్ మన్ దీన్ని ‘మ్యాన్‌హంటర్’ పేరుతో తీశారు. అంతకు ముందు ఏడాది ‘ఇయర్ ఆఫ్ ద డ్రాగన్’ దెబ్బతినడంతో నిర్మాత డినో డి లారెంటిస్ డ్రాగన్ అన్న మాటే వద్దన్నారు. ఈ సినిమా కూడా ఆడలేదు. అమెరికాలో వచ్చింది 86 లక్షల డాలర్లే.

1988లో ‘ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్’ నవల వెలువడింది. మొదటి సినిమా చేదు అనుభవంతో డి లారెంటిస్‌కు ఆసక్తి పోయింది. పాత్రల పేర్లు వాడుకునే హక్కును ఓరియన్ సంస్థకు ఉచితంగా ఇచ్చేశారు. 1991 ఫిబ్రవరి 14న జొనాథన్ డెమీ సినిమా విడుదలైంది. సుమారు 1.9 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా 27 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే అన్న ఐదు పెద్ద ఆస్కార్లనూ ఒక్క సినిమాయే గెలవడం చరిత్రలో అది మూడోసారి.

1999లో ‘హానిబల్’ నవల, 2001లో రిడ్లీ స్కాట్ సినిమా, 2002లో మళ్లీ ‘రెడ్ డ్రాగన్’ను బ్రెట్ రాట్నర్ తీయడం, 2006లో ‘హానిబల్ రైజింగ్’ నవల, మరుసటి ఏడాదే దాని సినిమా, 2013 నుంచి 2015 దాకా ఎన్‌బీసీలో బ్రయాన్ ఫుల్లర్ సీరియల్. చర్చకు మేత ఇంతే.

ఒకే నవల, రెండు సినిమాలు

అనుసరణ గురించి మాట్లాడుకోవడానికి ‘రెడ్ డ్రాగన్’ను మించిన ఉదాహరణ దొరకదు. ఒకే పుస్తకాన్ని పదహారేళ్ల తేడాతో ఇద్దరు దర్శకులు తీశారు. రెండింటికీ ఛాయాగ్రాహకుడు ఒక్కరే, డాంటే స్పినోటి. అయినా రెండూ రెండు లోకాలు.

కథను అనుసరించడమే కొలత అయితే రాట్నర్ సినిమాదే పైచేయి. డాలర్‌హైడ్ బ్రూక్లిన్ మ్యూజియంకు వెళ్లి విలియం బ్లేక్ గీసిన రెడ్ డ్రాగన్ చిత్రాన్ని నమిలి మింగే ఘట్టం నవలలో ఉంది, 2002 సినిమాలో ఉంది, మన్ సినిమాలో లేదు. వీపంతా పరుచుకున్న డ్రాగన్ పచ్చబొట్టూ అంతే. డాలర్‌హైడ్ వేసిన టామ్ నూనన్ ఒంటిమీద దాన్ని వేయించి కూడా, చివరికి అది పాత్రను చులకన చేస్తుందని మన్ తీసేశారు. ముగింపూ మారింది. నవలలో డాలర్‌హైడ్ తాను మంటల్లో పోయినట్టు నమ్మించి, ఫ్లోరిడాలో గ్రాహం ఇంటికే వచ్చి అతని ముఖాన్ని చీలుస్తాడు. భార్య మోలీ కాల్చి చంపుతుంది. మన్ సినిమాలో గ్రాహం కిటికీ అద్దాన్ని బద్దలు కొట్టుకుని లోపలికి దూకి, అక్కడే హంతకుణ్ణి చంపి, సముద్రతీరంలో కుటుంబాన్ని చేరుకుంటాడు.

ఇన్ని మార్చినా ‘మ్యాన్‌హంటర్’నే అసలైన అనుసరణగా చెప్పే అభిమానులు చాలామంది ఉన్నారు, వాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. నవల గుండెకాయ గ్రాహం భయం. హంతకుడిలా ఆలోచించగల శక్తి తనలో ఉందని అతనికి తెలుసు, ఆ శక్తి తననే తినేస్తుందేమోనని బెదురు. సూపర్ మార్కెట్‌లో సరుకుల అరల మధ్య నిలబడి, ఆ ఆలోచనలు తన బుర్రలోకి ఎలా వచ్చాయో, వాటినుంచి కోలుకోవడానికి ఎంత పట్టిందో గ్రాహం కొడుక్కి చెప్పే దృశ్యం మన్ సినిమాలో ఉంది. పక్కన రంగురంగుల డబ్బాలు, ఎదుట పిల్లాడి మొహం, మధ్యలో తండ్రి తడబాటు. గ్రాహంగా విలియం పీటర్సన్ అక్కడ గొంతు పెంచడు, కన్నీరు పెట్టడు. హారిస్ రాసిన గ్రాహం అక్కడున్నాడు.

2002 సినిమాలో గ్రాహంగా ఎడ్వర్డ్ నార్టన్ తెలివైన అధికారి. అతణ్ణి చూస్తే భయం వేయదు. పైగా లెక్టర్ విందుతోనూ, అతణ్ణి పట్టుకునే పోరాటంతోనూ కథ మొదలవుతుంది. నవలలో అది జరిగిపోయిన సంగతిగానే వస్తుంది. లెక్టర్‌గా ఆంథొనీ హాప్కిన్స్ అప్పటికే పెద్ద ఆకర్షణ కాబట్టి ఆయన భాగం పెరిగింది. సంఘటనలన్నీ ఉన్నాయి, కేంద్రం మాత్రం పక్కకు జరిగింది. డాలర్‌హైడ్ బాల్యాన్ని, అంధురాలైన రీబాతో అతని ప్రేమను రేఫ్ ఫైన్స్, ఎమిలీ వాట్సన్ బాగా పండించారన్నది ఒప్పుకోవాలి. ఆ ఒక్క విషయంలో రాట్నర్ వైపు వాళ్ల మాట నిజం.

ఇక లెక్టర్‌గా ‘మ్యాన్‌హంటర్’ నటుడు బ్రయాన్ కాక్సా, హాప్కిన్సా అన్న పోటీ. కాక్స్ లెక్టర్ తెల్లటి సెల్లులో మామూలు మనిషిలా, కాస్త విసుగ్గా, పక్కింటి ప్రొఫెసర్‌లా మాట్లాడతాడు. స్కాట్లండ్ హంతకుడు పీటర్ మాన్యుయెల్‌ను మనసులో పెట్టుకున్నానని కాక్స్ చెప్పారు. హాప్కిన్స్ తన గొంతుకు హాలీవుడ్ నటి కాథరిన్ హెప్‌బర్న్, రచయిత ట్రూమన్ కపోటీ, ‘2001’ సినిమాలోని హాల్ కంప్యూటర్ మూలమన్నారు. ఒకటి జీవితంలోంచి వచ్చింది, ఇంకొకటి రంగస్థలం నుంచి. నవల్లో లెక్టర్‌కు ఎడమ చేతికి ఆరు వేళ్లు, మెరూన్ రంగు కళ్లు. ఆ లెక్టర్‌ను ఎవరూ తెరమీదికి తేలేదు. అచ్చమైన లెక్టర్ ఎవరన్న పోటీకి పుస్తకం తీర్పు చెప్పదు.

సైలెన్స్: వదిలేసినవి, నిలిపినవి

డెమీ సినిమాను నవలకు దగ్గరి అనుసరణగా దాదాపు అందరూ ఒప్పుకుంటారు. నిజానికి స్క్రీన్‌ప్లే రచయిత టెడ్ టాలీ చాలా వదిలేశారు. ఎఫ్‌బీఐ అధికారి జాక్ క్రాఫర్డ్ భార్య బెల్లా నవల పొడుగునా మరణశయ్య మీద ఉంటుంది. సినిమాలో ఆమె ఊసే లేదు. కథానాయిక, ఎఫ్‌బీఐ ట్రైనీ క్లారిస్ స్టార్లింగ్ చిన్నప్పుడు పారిపోయింది హానా అన్న గుర్రంతో. సినిమాలో ఆమె ఎత్తుకెళ్లబోయింది ఒక గొర్రెపిల్లను. ఆ బాల్యాన్ని ఫ్లాష్‌బ్యాక్‌గా తీయాలని అనుకుని, క్లారిస్‌గా జోడీ ఫోస్టర్ ఆ మాటలు చెప్పిన తీరు చూశాక డెమీ ఆ ఆలోచనే మానుకున్నారు. ముఖం ఒక్కటీ చాలనుకున్నారు.

నవల నుంచి ఇంత జారిపోయినా పాఠకులకు అన్యాయం జరిగినట్టు ఎందుకు అనిపించలేదు? కెమెరా ఎక్కడుందో చూస్తే జవాబు దొరుకుతుంది. క్రాఫర్డ్, లెక్టర్ ఉన్న ఆస్పత్రి అధికారి డాక్టర్ చిల్టన్, లెక్టర్ మాట్లాడేటప్పుడు తరచూ సూటిగా లెన్స్‌లోకి చూస్తారు. వాళ్ల కళ్లు మనల్ని తడుముతాయి. క్లారిస్ చూపు మాత్రం లెన్స్‌కు కొద్దిగా పక్కకు ఉంటుంది. దాంతో మనం ఆమె నిలబడ్డ చోట నిలబడతాం. లిఫ్టులో ఎత్తైన మగ ట్రైనీల మధ్య చిన్నగా కనిపించే అమ్మాయి, వెస్ట్ వర్జీనియాలో శవపరీక్ష గదిలో పోలీసులను బయటికి పంపే అమ్మాయి, ఆడపిల్ల ముందు మాట్లాడలేమన్నట్టు క్రాఫర్డ్ షెరీఫ్‌ను పక్కకు తీసుకెళ్తే తర్వాత కారులో ఆ సంగతి ఎత్తి చూపే అమ్మాయి. నవలలో ఆమె లోపలి ఆలోచనగా పేజీల కొద్దీ సాగింది తెరమీద చూపుల అమరికగా మారింది. సంఘటనలు పోయినా దృష్టికోణం నిలిచింది.

స్త్రీవాద విమర్శకుల్లో చాలామంది సినిమాను మెచ్చుకోవడానికి కారణమిదే. దీనికి ఒక అడ్డు ఉంది. చివర చీకటి నేలమాళిగలో మనం క్లారిస్ కళ్లతో చూడం. హంతకుడి నైట్‌విజన్ కళ్లద్దాల్లోంచి పచ్చని వెలుగులో తడుముకుంటున్న ఆమెను చూస్తాం. ఆమె జుట్టు దాకా చాచిన అతని చెయ్యి కనిపిస్తుంది. అప్పటిదాకా కాపాడుకున్న చూపును దర్శకుడు అక్కడ అమ్మేసుకున్నాడని కొందరి ఆక్షేపణ. ప్రేక్షకుడికి ఆ చూపులోని అసహ్యాన్ని అనుభవంలోకి తెచ్చాడని ఇంకొందరి సమర్థన. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. అంతకు ముందు రెండు గంటలు క్లారిస్ స్థానంలో ఉన్నవాళ్లకు ఆ పచ్చని చూపు ఊపిరాడనివ్వదు, ముచ్చట గొలపదు.

హాప్కిన్స్ తెరమీద ఉండేది అరగంటకు లోపే. అయినా 2003లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన జాబితాలో ప్రతినాయకుల్లో లెక్టర్‌ది మొదటి స్థానం. నాయకుల్లో క్లారిస్‌ది ఆరో స్థానం. ఆ రెండు అంకెల మధ్య దూరంలోనే తర్వాత వచ్చిన ‘హానిబల్’ గొడవ విత్తనం ఉంది.

బఫెలో బిల్: పాతబడని ఆక్షేపణ

ఈ సినిమామీద వచ్చిన ఆక్షేపణల్లో అన్నింటికన్నా బలమైనది అభిమానుల మధ్య ఆలస్యంగా చోటు సంపాదించుకుంది. ఆడవాళ్లను చంపి చర్మంతో దుస్తులు కుట్టుకునే ‘బఫెలో బిల్’ అనే జేమ్ గంబ్ ముఖానికి రంగులు వేసుకుని, అద్దం ముందు నాట్యం చేస్తాడు. విడుదలైనప్పుడే స్వలింగ సంపర్కుల సంఘాలు నిరసన తెలిపాయి. 1992 ఆస్కార్ వేడుక బయట కూడా ప్రదర్శనలు జరిగాయి. తర్వాతి తరంలో ట్రాన్స్‌జెండర్ రచయితలు, నటులు ఆ ఆక్షేపణను మరింత పదును చేశారు.

సినిమాను వెనకేసుకొచ్చేవాళ్లు ఎప్పుడూ ఒక సంభాషణను గుర్తుచేస్తారు. గంబ్ నిజమైన ట్రాన్స్‌సెక్సువల్ కాదని లెక్టర్ స్పష్టంగా చెబుతాడు. అలాంటివాళ్లకూ హింసకూ సంబంధం లేదని అదే చోట క్లారిస్ కూడా అంటుంది. మాటల్లో చూస్తే ఇది నిజం. ఇక్కడ సినిమాను నవల పక్కన పెట్టి చూడాలి. నవలలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి వైద్యుడు డేనియల్సన్ ఉంటాడు. లింగమార్పిడి కోసం వచ్చేవాళ్ల వివరాలు అడిగితే క్రాఫర్డ్ మీద మండిపడతాడు. తన రోగులను హంతకులతో ముడిపెడితే సమాజంలో వాళ్లకు ఎంత చేటు జరుగుతుందో చెబుతాడు. విడుదలైన సినిమాలో ఆ ఘట్టం లేదు. ఒక వాక్యం మిగిలింది, ఒక మనిషి కోపం పోయింది. ప్రేక్షకుడి మనసులో నిలిచేది నాట్యమే, ఆ సంభాషణ కాదు.

డెమీ తర్వాత ఈ విమర్శను పట్టించుకున్నారు. 1993లో ఎయిడ్స్ సోకిన న్యాయవాది కథ ‘ఫిలడెల్ఫియా’ తీశారు. దాన్ని ప్రాయశ్చిత్తమని కొందరు అంటారు, ఆ మాట ఎంతవరకు నిజమో చెప్పడం కష్టం. 2021లో సీబీఎస్ టీవీలో వచ్చిన ‘క్లారిస్’ సీరియల్ ఆ గాయాన్ని నేరుగా ముట్టుకుంది. ట్రాన్స్ నటి జెన్ రిచర్డ్స్ పాత్ర ద్వారా బఫెలో బిల్ కథ తమ జీవితాలమీద పడేసిన నీడ గురించి మాట్లాడించింది.

తిరిగి చెప్పాల్సిన మాట ఒకటుంది. అనుసరణలో ఏది తీసేశారన్న లెక్క అభిమానులు చాలాసార్లు వేశారు. గుర్రం పోయిందనీ, బెల్లా పోయిందనీ బాధపడ్డారు. మనుషులకు నిజంగా నష్టం చేసిన కోత డేనియల్సన్‌ది. దాని గురించి దశాబ్దాలపాటు చాలా తక్కువ మాట్లాడారు.

‘హానిబల్’ ముగింపు

1999 జూన్‌లో ‘హానిబల్’ నవల దుకాణాల్లోకి వచ్చింది. పదకొండేళ్లు ఎదురుచూసిన పాఠకులు చివరి అధ్యాయాల దగ్గర నిర్ఘాంతపోయారు. లెక్టర్ క్లారిస్‌కు మందులిచ్చి, హిప్నాటిజం ప్రయోగించి, చచ్చిపోయిన తండ్రి ఎముకలను ఆమె ముందుంచుతాడు. తర్వాత విందు. ఆమెను వేధించిన అధికారి పాల్ క్రెండ్లర్ బతికుండగానే పుర్రె తెరిచి మెదడు వండి వడ్డిస్తాడు. క్లారిస్ తింటుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ప్రేమికులవుతారు. ఏళ్లు గడిచాక బ్యూనస్ ఏరీస్ ఒపేరా థియేటర్‌లో ఆస్పత్రి పాత ఉద్యోగి బార్నీ వాళ్లను చూసి, బెదిరిపోయి ఊరు విడిచి వెళ్లిపోతాడు.

స్టీఫెన్ కింగ్ ఈ నవలను న్యూయార్క్ టైమ్స్‌లో ఆకాశానికెత్తారు. మార్టిన్ ఎమిస్ చీల్చి చెండాడారు. సినిమావాళ్లలో డెమీ తప్పుకున్నారు, టాలీ తప్పుకున్నారు, ఫోస్టర్ తప్పుకున్నారు. డి లారెంటిస్ కోటి డాలర్లకు హక్కులు కొన్నారని అప్పట్లో పెద్ద వార్త. డేవిడ్ మామెట్ మొదటి స్క్రిప్టు రాశారు, తర్వాత స్టీవెన్ జైలియన్ పని అందుకున్నారు. క్లారిస్ పాత్ర జూలియాన్ మూర్‌కు వెళ్లింది. ముగింపు మారుస్తామని స్కాట్ అడిగితే హారిస్ సరేనన్నారు.

సినిమా ముగింపులో క్లారిస్‌కు మత్తు ఎక్కించి ఉన్నా మనసు తనదే. మెదడు తినదు, పోలీసులకు ఫోన్ చేస్తుంది. లెక్టర్ ఆమె జుట్టును ఫ్రిజ్ తలుపులో ఇరికించి దగ్గరికి వంగుతాడు. అదే అదనుగా ఆమె తన చేతికీ అతని చేతికీ బేడీలు వేస్తుంది. అతను వంటగది కత్తి ఎత్తుతాడు. దెబ్బ ఎవరి మణికట్టుమీద పడిందో వెంటనే చూపించరు. అతను తన చెయ్యే నరుక్కున్నాడని తర్వాత తెలుస్తుంది. ఆ కత్తి పైకి లేచి దిగే లోపు సినిమా తన మాటంతా చెప్పేస్తుంది: క్లారిస్ కొనలేని మనిషి, లెక్టర్‌కు ఆమె మీద ఉన్నది తనను తాను కోసుకునేంత ప్రేమ. ప్రపంచవ్యాప్తంగా 35 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. వాదన మాత్రం ఆగలేదు.

ఇక్కడ స్థూలంగా మూడు పక్షాలున్నాయి.

మొదటి పక్షం నవల ముగింపును ద్రోహంగా చూస్తుంది. మన కాలంలో వచ్చిన అరుదైన స్త్రీ నాయికను రచయితే చంపేశాడని, మందులిచ్చి లొంగదీసుకోవడాన్ని ప్రేమ అన్నాడని వాళ్ల కోపం. వాళ్ల దృష్టిలో సినిమా క్లారిస్‌ను కాపాడింది.

రెండో పక్షం దీన్ని విషాద గాథగా చదువుతుంది. నవల మొదట్లో చేపల మార్కెట్ దగ్గర కాల్పుల నిందంతా క్లారిస్ మీదికి నెట్టేస్తారు. క్రాఫర్డ్ బలహీనపడతాడు. ప్రాణం పెట్టి పనిచేసిన సంస్థ ఆమెను కుక్కలకు వదిలేస్తుంది. అంతా అయ్యాక ఆమెకు మిగిలింది ఒక రాక్షసుడి గౌరవమే. పైగా లెక్టర్ ఆమెను చచ్చిపోయిన చెల్లెలు మిషా స్థానంలో కూర్చోబెట్టాలనుకుంటే ఆమె ఆ పన్నాగాన్ని తిప్పికొడుతుందని కూడా ఈ పక్షం చూపిస్తుంది. ఆ మాట పేజీలో ఉంది, ఊహించింది కాదు.

మూడో పక్షం చిన్నది. హారిస్ పాఠకులమీదే కక్ష తీర్చుకున్నాడని వాళ్లంటారు. లెక్టర్‌ను ప్రేమించిన మీకు, మీరు కోరుకున్నదే వడ్డిస్తాను, తినండి అన్నాడని. ఆకర్షణీయమైన వాదనే గానీ దీనికి ఆధారం నవల వ్యంగ్య స్వరంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంటర్వ్యూలంటే ముఖం చాటేసే రచయిత ఆ సంగతి ఎప్పుడూ విప్పి చెప్పలేదు.

రెండో పక్షం చదివిన తీరు సరైనదని నా అభిప్రాయం. కానీ మొదటి పక్షం బాధ కూడా న్యాయమైనదే, ఎందుకంటే నవల తాను తలకెత్తుకున్న బరువును చివర్లో మోయలేకపోయింది. క్లారిస్ ఇష్టం ఎంత, మందుల ప్రభావం ఎంత అన్నది తేల్చకుండా వదిలేసి, అందమైన వాక్యాల వెనక దాక్కుంది. సినిమా ఇంకో దారిలో తప్పించుకుంది. క్లారిస్‌ను మచ్చ లేకుండా ఉంచి, ఆమెను విరిచేసిన సంస్థ కథను పలచన చేసింది. లెక్టర్ శత్రువు, తన అన్న మేసన్ వెర్గర్ చేతిలో బాల్యంలోనే నలిగిపోయిన మార్గో అన్న చెల్లెలి పాత్రను పూర్తిగా తీసేసింది. నవలలో మేసన్ చావు ఆమె చేతిలో ఉంటుంది, సినిమాలో అతని డాక్టర్ కార్డెల్‌కు పోయింది. బాధితురాలి ప్రతీకారం ఒక ఉద్యోగి విసుగుగా మారింది. ముగింపు గురించి కొట్టుకునేవాళ్లు ఈ మార్పును గమనించాల్సినంత గమనించలేదు.

వ్యాసం మొదట్లో చెప్పిన మాట ఇక్కడ గుర్తుచేయాలి. ‘రెడ్ డ్రాగన్’లో లెక్టర్ చీకట్లో ఒక గొంతు. ‘సైలెన్స్’లో భయపెట్టే గురువు. ‘హానిబల్’ నవలకు వచ్చేసరికి ఫ్లోరెన్స్ వీధుల్లో తిరుగుతూ, సంగీతం వింటూ, తనకన్నా నీచులను మాత్రమే చంపే రసికుడయ్యాడు. శత్రువు మేసన్‌ను అంత వికారంగా చెక్కింది లెక్టర్ మంచివాడిలా కనిపించడం కోసమే. ఈ పని స్కాట్ చేయలేదు, హాప్కిన్స్ చేయలేదు. హారిస్ చేశారు. సినిమా విజయం ఆయన్ను అటు నెట్టిందని అనుకోవచ్చు, కానీ కలం ఆయనదే.

మూలకథ అనే పొరపాటు

‘హానిబల్ రైజింగ్’ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో లిథువేనియాలో చెల్లెల్ని సైనిక ముఠా తినేసింది కాబట్టి లెక్టర్ ఇలా అయ్యాడన్నది కథ. హారిస్ రాయకపోతే ఇంకొకరితో రాయిస్తానన్నానని డి లారెంటిస్సే ఒక పత్రికకు చెప్పారు. స్క్రిప్టు హారిస్‌దే కాబట్టి నవలకు ద్రోహం జరిగిందనడానికి ఎవరికీ అవకాశం లేదు. అయినా అన్నింటికన్నా ఎక్కువమంది అభిమానులు పెదవి విరిచింది దీనికే. ‘సైలెన్స్’లో తనను కారణాల చిట్టాగా కుదించడాన్ని లెక్టర్ స్వయంగా ఎగతాళి చేస్తాడు. ఆ లెక్టర్‌కు ఈ నవల చిట్టా రాసిచ్చింది. సినిమాలో యువ లెక్టర్‌గా గాస్పార్ ఉలియెల్ కష్టపడ్డారు, కథ ఆయనకు సాయం చేయలేదు.

హక్కులు గీసిన గీతలు

కథ ఎందుకు ఇలా మారిందన్న ప్రశ్నకు అభిమానులు చాలాసార్లు కళా కారణాలు వెతుకుతారు. కొన్నిసార్లు కారణం కాగితాల్లో ఉంటుంది. ‘సైలెన్స్’లో పుట్టిన పాత్రల హక్కులు ఓరియన్ నుంచి ఎంజీఎంకు వచ్చాయి. మిగతా నవలలవి డి లారెంటిస్ సంస్థ దగ్గర ఉన్నాయి. అందుకే ఫుల్లర్ సీరియల్‌లో క్లారిస్ లేదు. అందుకే ‘క్లారిస్’ సీరియల్‌లో లెక్టర్ పేరు కూడా పలకరు. ఒక జంటను న్యాయవాదులు రెండు చానళ్లకు పంచేశారు.

ఆ కట్టుబాటులోంచి ఫుల్లర్ ఒక వింత తీసుకొచ్చారు. మూడు సీజన్లు, 39 ఎపిసోడ్లు. మ్యాడ్స్ మికెల్సన్ లెక్టర్, హ్యూ డాన్సీ గ్రాహం. నవలల్లో మగవాళ్లయిన పాత్రికేయుడు ఫ్రెడీ లౌండ్స్, వైద్యుడు ఆలన్ బ్లూమ్ ఇక్కడ స్త్రీలయ్యారు. క్లారిస్‌కు నవల ఇచ్చిన కథలో కొంత విల్ గ్రాహంకూ, ఫ్లోరెన్స్ భాగంలో బెడీలియా అన్న కొత్త పాత్రకూ దక్కింది. మార్గో తిరిగొచ్చింది, మేసన్ చావూ ఆమె చేతికే తిరిగొచ్చింది. వాక్యాలకు వాక్యాలు హారిస్‌వే, పలికే నోళ్లు వేరు. దీన్ని అనుసరణ అనాలా, నవలల మీద అల్లిన కొత్త కథ అనాలా అన్నది నేటికీ తేలలేదు. మికెల్సన్ లెక్టర్‌ను అందరికన్నా గొప్పవాడిగా ఆరాధించే కొత్త తరానికి ‘సైలెన్స్’ పాత సినిమా. పాత తరానికి ఈ సీరియల్ హింసను పెయింటింగ్‌లా అలంకరించడం మింగుడుపడదు. ఇరుపక్షాల వాదనలోనూ పస ఉంది. ఫుల్లర్ శవాలను అందంగా చూపించారు. అదే సమయంలో, ఎదుటి మనిషిని మాటలతో కొద్దికొద్దిగా వశం చేసుకునే క్రమాన్ని ఏ సినిమా చూపనంత ఓపికగా చూపించారు.

ఇంకా తేలనివి

నటుల పోటీ తేలేది కాదు, తేలకపోయినా నష్టం లేదు. గంబ్ గురించిన ఆక్షేపణకు జవాబు కొత్త అనుసరణ ఇవ్వాలి. డేనియల్సన్ ఘట్టాన్ని తిరిగి చేరిస్తే సరిపోతుందా, పాత్రనే మళ్లీ రాసుకోవాలా అన్న దానిమీద ట్రాన్స్ విమర్శకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఎవరికి ఎంత హక్కు ఉందన్న చట్టపు చిక్కు విడిపోయేదాకా ఆ అవకాశం ఎవరి చేతికి వస్తుందో చెప్పలేం.

‘హానిబల్’ నవల ముగింపును క్లారిస్‌తో ఇంతవరకు ఎవరూ తీయలేదు. స్కాట్ మార్చేశారు, ఫుల్లర్ వేరే పాత్రలకు ఇచ్చేశారు. అందుకని పాతికేళ్లకు పైగా నడుస్తున్న వాదన నిజానికి చూడని దృశ్యం గురించి. అదెప్పుడైనా తెరకెక్కితే, కాగితంమీద హారిస్ తప్పించుకున్న ప్రశ్న నుంచి ఆ దర్శకుడు తప్పించుకోలేడు. మెదడు వడ్డించిన పళ్లెం ముందు కూర్చున్న క్లారిస్ ముఖాన్ని కెమెరా చూపించక తప్పదు. ఆ కళ్లలో మత్తు ఉందా, నిర్ణయం ఉందా, రెండూ ఉన్నాయా అన్నది నటి ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా ఒక పక్షం అభిమానులు ఆమెను క్షమించరు.